ఆది బూటు

మా మేనత్త పాత ట్రాక్టర్లతో మాట్లాడదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. యంత్రాల మధ్య బతికేవాళ్ళ గురించి రాసే ప్రతివాడూ, వాళ్ళు వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారనీ కబుర్లు చెబుతారనీ రాస్తాడు. అదొక రోగం. మా అత్త కబుర్లు చెప్పదు, తిడుతుంది. అది కూడా బండిని కాదు, తనకంటే ముందు దాని మీద చెయ్యి పెట్టినవాణ్ణి. "ఈ నట్టు ఇంత బిగించినవాడి చేతులు పడిపోను" అని మొదలుపెట్టి, వాడి తాతముత్తాతల దాకా వెళ్ళి, ఆ నట్టు వదిలాక గాని వెనక్కి రాదు.

ట్రాక్టర్లంటే పొలాలు దున్నే పెద్దవి కావు. మనిషి నడుమెత్తు కూడా రాని చిట్టి ట్రాక్టర్లు. తోటల్లో, ఆటస్థలాల్లో, ఆసుపత్రుల ఆవరణల్లో గడ్డి కోయడానికి ఎప్పుడో చేసినవి. ఒక్కటే సిలిండరు, ఒక బెల్టు, ఒక సీటు, పొట్ట కింద గిర్రున తిరిగే కత్తులు. వాటిని చేసిన కంపెనీలు ఏనాడో మూతపడ్డాయి. విడిభాగాలు దొరకవు, కావాలంటే చేసుకోవాలి. ఈ చుట్టుపక్కల అది చేతనైంది మా అత్తకే. ఇనుప సామాన్ల వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుందని పానమ్మ అంటారు. అలా పిలిస్తే పలుకుతుంది, పానమ్మగారూ అంటే మాత్రం వెక్కిరిస్తున్నారేమోనని చూస్తుంది. ఆ గారు తగిలించేది ఎక్కువగా మా మామయ్యే.

మామయ్య దర్జీ. వీధివైపు గది ఆయన కుట్టు దుకాణం. పెరట్లో రేకుల షెడ్డు అత్తది. ముందు గదిలో కత్తిరించిన గుడ్డముక్కలు వెనక షెడ్డులో నూనె తుడిచే గుడ్డలవుతాయి. ఆ ఇంట్లో ఏదీ వృథా పోదు, నేను తప్ప. మేడ మీది గదిలో ఉంటూ, తూకానికి కొన్న పుస్తకాలు చదువుకుంటూ, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండని మేనల్లుణ్ణి. ఇక నా సంగతి చాలు.

ఈ పనిలోకి ఆమె ఎలా వచ్చిందంటే, పెళ్ళైన కొత్తలో మామయ్య కుట్టుమిషను మొరాయించింది. బాగుచేసేవాడు ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ రాలేదు. ఆయన భోజనం చేసి కునుకు తీసి లేచేసరికి మిషను మొత్తం విప్పదీసి దుప్పటి మీద పరిచి ఉంది, పక్కన కొత్త పెళ్ళికూతురు. ఆయన గుండె ఆగినంత పనైందట. సాయంత్రానికి అది నడిచింది, ముందుకంటే మెత్తగా. తర్వాత ఎదురింటి వాళ్ళ నీళ్ళ పంపు. ఆ తర్వాత ఒకరోజు తుక్కు కుప్పలో ముక్కు పైకెత్తుకుని ఉన్న చిట్టి ట్రాక్టరొకటి ఆమె కంటబడింది. దాన్ని తెచ్చి పెరట్లో పెట్టి ఎంతకాలం కుస్తీ పట్టిందంటే, స్టీరింగు మీదికి గుమ్మడితీగ పాకి కాయ కాసిందని మామయ్య ఇప్పటికీ అందరికీ చెబుతాడు. "కాయ కోశాకే బండి కదిలింది" అంటాడు.

ఆమెకు ఒకే ఒక సిద్ధాంతం ఉండేది. బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో, తన షెడ్డు గేటు దాటినప్పుడు అలాగే ఉండాలి. అంతకు ఒక వీసం ఎక్కువా కాదు, తక్కువా కాదు. సొట్టలు, వంకరలు, ఎవడో తగిలించిన అతుకులు, అన్నీ పోవాలి. "ఇవి దాని ఒంటివి కావురా, జనం దానికి చేసిన పాపాలు" అనేది. ఆ మాట ఎంత గట్టిగా అనేదో నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే తర్వాత మళ్ళీ అనలేదు.

ఆసుపత్రి తోటల మేస్త్రీ ఒక ఆకుపచ్చ బండిని తీసుకొచ్చింది ఎండలు ముదిరిన రోజుల్లో. లారీలోంచి దించుతుండగానే కథంతా చెప్పేశాడు. దాన్ని నడిపే ముసలాయన్ని ఆసుపత్రిలో అందరూ గడ్డి తాత అంటారు. ఆయన జ్వరంతో మంచం పట్టినప్పుడు ఎవడో ఆయిలు చూసుకోకుండా నడిపితే, పచ్చిక మధ్యలో ఇంజను పట్టేసింది. ఇంతలో కొత్త అధికారి వచ్చాడు. గడ్డి కోత మొత్తం బయటి కంపెనీకి అప్పగిస్తే గొడవ వదులుతుందని ఆయన ఆలోచన. వానలు మొదలై గడ్డి లేచే వేళకు వచ్చి చూస్తానన్నాడు.

"బండి నడిస్తే తాత ఉంటాడక్కా. నడవకపోతే బండి తుక్కుకి, తాత ఇంటికి" అన్నాడు మేస్త్రీ.

అన్నీ చెప్పాడు గాని చెప్పాల్సిన ఒక్కటీ చెప్పలేదు. దాచి కాదు. ఆయన్ని రోజూ ఆ బండి మీదే చూసి చూసి, దిగితే ఎలా ఉంటాడో ఆ మేస్త్రీకే గుర్తులేదు.

పట్టేసిన ఇంజన్ని విడిపించడం నేను అంతకుముందు చూడలేదు. సుత్తులూ గునపాలూ వస్తాయనుకున్నాను. అత్త ప్లగ్గు విప్పి, ఆ బెజ్జంలో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, బెజ్జానికి గుడ్డ కుక్కి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే, టీ తాగకముందు వచ్చి, పక్కనున్న బరువు చక్రం మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడింది. తోయలేదు. కాసేపుండి "ఇవాళ కాదు" అని వెళ్ళిపోయింది. రోజూ అంతే. ఇంకిపోయిన నూనె మళ్ళీ పోయడం, చేతులు ఆనించడం, ఇవాళ కాదనడం. ఇనుము ముందు నిలబడి ఆమె చేస్తున్నదేమిటో అర్థంకాక నాకు ఒళ్ళు మండేది. బలంగా ఒక్కటిస్తే పోదా అంటే, "పోతుంది. ఇంజనే పోతుంది" అంది.

ఒక పొద్దున మేడ మీదికి వినబడేలా పిలిచింది. నా చేతులు తీసి చక్రం మీద పెట్టింది. తోయకు, ఆనించు అంది. మొదట ఏమీ లేదు. చల్లటి ఇనుము. తర్వాత, నా అరచేతుల కింద, గోరు మందం ఉంటుందో ఉండదో, ఆ బరువంతా ఒక్క పిసరు జరిగింది. చప్పుడు లేదు. పుస్తకాల్లో అద్భుతాలు చాలా చదివాను. అన్నిటికీ ఉరుములూ మెరుపులూ కావాలి. దీనికి అవేవీ అక్కర్లేకపోయింది. అత్త మాత్రం "ఊఁ, ఇక టీ తాగుదాం" అంది.

ఆ తర్వాత బండి మొత్తం విడిపోయి షెడ్డు నేలంతా పరుచుకుంది. సిలిండరు గీతలు పోయేదాకా సానబట్టింది. దానికి సరిపోయే రింగుల కోసం తుక్కు వీధి జల్లెడ పట్టింది. సీటు కింది రేకు విప్పితే, ఎండ తగలని చోట అసలు ఆకుపచ్చ రంగు లేతగా, నిన్న వేసినట్టు బయటపడింది. ఆ రేకు పట్టుకుని రంగుల దుకాణానికి వెళ్ళి, కలిపినవాడు విసుగుతో దండం పెట్టేదాకా కలిపించింది.

ఆ బండి మీద పాపాలు కూడా గట్టిగానే ఉన్నాయి. సీటు ఎడమవైపు కుంగిపోయి ఉంది. ఎడమకాలి పెడల్, అదే క్లచ్చు, పైకి లేచి బయటికి వంకర తిరిగి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్క దెబ్బకి వంగింది కాదు. సుత్తి గుర్తులు ఒకదాని పక్కన ఒకటి, కొన్ని తుప్పుపట్టిన పాతవి, కొన్ని కొత్తవి. "పనిగట్టుకుని కొట్టాడురా వెధవ, పదేపదే కొట్టాడు" అని ఆ నెల పొడవునా వాణ్ణి తిట్టింది. గ్యాసుమంట పెట్టి ఎర్రగా కాల్చి, మూలమట్టం పెట్టి చూసుకుంటూ పెడల్ కమ్మీని తిన్నగా చేసింది. ఆకురాయితో సుత్తి గుర్తులన్నీ అరగదీసింది. సీటుకి మామయ్య కొత్త స్పాంజి వేసి, నల్ల రెక్సిను కుట్టాడు, రెండు వైపులా సమంగా.

మొదటి వాన పడ్డ మర్నాడు మేస్త్రీ కబురు పంపాడు. రేపు పొద్దున్నే అధికారి వస్తున్నాడు, కంపెనీ మనిషిని కూడా వెంటబెట్టుకుని. మధ్యాహ్నం తాతను తీసుకుని తనే వచ్చాడు.

అత్త బండికి చివరిసారి గుడ్డ పెట్టి తుడుస్తోంది. సందులోంచి తాత నడిచి వస్తున్నాడు. ఎడమకాలు కుడికాలి కంటే పొట్టి. తుంటి దగ్గర వంగదు. ఆ కాలిని పక్కనుంచి తిప్పి తెచ్చుకుంటుంటే, అడుగడుక్కీ ఎడమభుజం కిందికి పడి లేస్తోంది. అత్త చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన ఇంకా గేటు కూడా దాటలేదు. ఆమె మాత్రం కుంగిన సీటునీ, వంకర పెడల్నీ, ఆ సుత్తి గుర్తులనూ, అన్నిటినీ ఆ నడకలో చూసేసింది. ఆమె మొహంలో రంగు పోవడం నేను చూడటం అదే మొదటిసారి.

తాత చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. రంగు మీద వేలు పెట్టి, మాసిపోతుందేమోనని తీసేశాడు. ఇంజను స్టార్టు చేయమన్నాడు. ఒక్క లాగుకి అందుకుంది. ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు. ఎడమకాలు గాల్లో ఉండిపోయింది. పెడల్ ఎక్కడో కింద, లోపలివైపు ఉంది. అందుకోవాలని జరిగితే ఆయన ఒళ్ళంతా కొత్త రెక్సిను మీద జారి, స్టీరింగు చేతిలోంచి తప్పింది. ఇంకోసారి ప్రయత్నించాడు. మేస్త్రీ తల తిప్పుకున్నాడు.

ఇంజను ఆపి, తాత మెల్లగా దిగాడు. "పెళ్ళికొడుకులా ఉందమ్మా" అన్నాడు. కాస్త ఆగి, "నాకే అందట్లేదు" అన్నాడు.

మేస్త్రీ తొందరగా అందుకుని, రేపటికి తను నడుపుతానన్నాడు, అధికారి చూసి వెళ్ళిపోయాక ఏదో ఒకటి చేసుకోవచ్చన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. తాత నవ్వాడు.

"నువ్వు నడిపితే బండి ఉంటుంది నాయనా. నేనుండను." తర్వాత అత్త వైపు తిరిగి, గొంతు ఏమాత్రం మారకుండా అన్నాడు: "నేల మీద నేను కుంటివాణ్ణమ్మా. దీని మీద కాదు. అంతే నా గోల."

అత్త చెక్కముక్క తెచ్చి పెడల్ మీద తీగతో కట్టింది. ఆయన కాలు పెడితే జారింది. ఇంకో చెక్క, ఏటవాలుగా కోసి కట్టింది. అదీ జారింది. పాతది ఎంత వంపు ఉండేదో చెప్పమని అడిగింది. ఆయనకేం తెలుసు? తుంటి బిగుసుకుపోతున్నకొద్దీ, కాలు అందనప్పుడల్లా సుత్తి తీసుకుని కాస్త కాస్త కొట్టుకుంటూ పోయాడు. కొలిచిందీ లేదు పెట్టిందీ లేదు. వంపు ఎంతో తెలిసినవి ఆ కాలూ ఆ కమ్మీ మాత్రమే. కమ్మీని అత్త మూలమట్టం పెట్టి సాపు చేసేసింది.

ఈ గందరగోళానికి మామయ్య మెడలో టేపుతో వెనక షెడ్డులోకి వచ్చాడు. సంగతి విన్నాడు. తాతను ఎగాదిగా చూశాడు. "ఈ నెలంతా నువ్వు తిట్టిన పెద్దమనిషి ఈయనేనా?" అన్నాడు. అత్త కళ్ళతోనే చంపేసింది. తాత మాత్రం ఏం తిట్టిందని ఆసక్తిగా అడిగాడు. మామయ్య రెండు మూడు చెబితే విని, పర్వాలేదు, బాగానే ఉన్నాయన్నాడు.

తర్వాత మామయ్య తాత పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వెక్కిరింత పోయి, దుకాణంలో గిరాకీతో మాట్లాడే గొంతుతో అత్తకి చెప్పాడు.

"నీ నడుమెంత, నీ చెయ్యి పొడవెంత అని అడిగితే ఎవడు చెప్పగలడే? ఎవడి ఒంటి కొలత వాడికి తెలీదు. అందుకేగా మేం ఆది తెమ్మంటాం. ఒంటికి అలవాటైన పాత చొక్కా ఒకటి తెస్తే, దాన్ని చూసి కొత్తది కుడతాం. నువ్వు ఆది లేకుండా కుట్టావు. ఇప్పుడైనా ఆది అడుగు."

"పెడల్‌కి ఆది ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? సాపు చేసింది నేనేగా" అంది అత్త. అంటూనే ఆగిపోయింది. ఆమె చూపు తాత కాళ్ళ మీద పడింది.

ఆయన వేసుకున్నవి ఏళ్ళనాటి బూట్లు. పైతోలు పగిలి, మళ్ళీ కుట్టించుకున్నవి. అత్త ఆయన ముందు నేల మీద కూర్చుని, ఎడమకాలి బూటు తానే విప్పి వెలుతురులోకి తిప్పింది. నేనూ వంగి చూశాను. అడుగున రబ్బరులో, మడమకి కాస్త ముందు, బయటి అంచువైపు, ఏటవాలుగా ఒక గాడి పడి ఉంది. దాంట్లో సన్నటి గళ్ళు. పెడల్ మీద కాలు జారకుండా ఉండే గళ్ళే అవి. ఏళ్ళ తరబడి రోజూ తొక్కితే ఇనుము రబ్బరులో దిగబడి తన బొమ్మ తాను చెక్కుకుంది. ఏ కోణంలో, ఎంత లోతున, ఎటు వాలి ఆ కాలు ఆ ఇనుమును కలుసుకునేదో, అంతా అక్కడ ఉంది. ఆయనకి తెలియనిదీ, అత్త చెరిపేసిందీ, బూటు దాచుకుంది. మామయ్య టేపు మెడలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకో.

అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి చేశారు. బాగున్న సీటుని మామయ్య చీల్చి, ఎడమవైపు స్పాంజి తీసేసి, తాతను కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి, ఆయన జారడం మానేదాకా సరిచేశాడు. కళ్ళు మూసుకుని కాలు ఎలా పడితే అలా వదిలేయమన్నాడు. అది ఆగిన చోట పక్క రేకు మీద దర్జీ సుద్దతో గీత గీశాడు. ఎత్తు దొరికింది. వాలు బూటు చెబుతుంది. తాతను ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా, దుకాణంలో కూర్చోబెట్టి టీ ఇచ్చాం.

అత్తకి భయం వేరే ఉంది. చల్లటి ఇనుముని ఏళ్ళ తరబడి సుత్తితో కొట్టిన చోట అది లోలోపల అలిసిపోయి ఉంటుంది. ఇప్పటికే ఒకసారి కాల్చి సాపు చేసింది. మళ్ళీ వంచితే ఆ చోటే పగలొచ్చు. పగిలితే వేరే పెడల్ లేదు, వేరే రోజూ లేదు. మంటను దూరంగా పెట్టి, ఇనుము నల్లగా, నీలంగా, మెల్లగా ఎరుపెక్కేదాకా ఆగింది. కమ్మీ చివరకి గొట్టం తొడిగి ఒక్క పిసరు వంచింది. వదిలేసింది. దానంతటది చల్లారేదాకా నిలబడింది, నీళ్ళు పోయలేదు. బూటుని తెచ్చి గాడిలో పెడల్ని ఆనించి చూసింది. పెడల్ గాడిలో కూర్చోలేదు. మళ్ళీ మంట. మళ్ళీ పిసరు. పట్టేసిన చక్రం మీద చేతులు ఆనించిన మనిషే, అదే ఓపిక. షెడ్డు వేడికి నా కళ్ళు మండుతున్నాయి, బయటికి పోవాలనిపించలేదు. నాలుగు వీధుల్లో ఎవడి పని వాడు ఎలాగో తోసేసి ఇంటికి పోతున్న సాయంత్రం, ఈవిడ ఒక ముసలాయన మడమ కోసం ఇనుముని బతిమాలుతోంది.

వెలుతురు తగ్గుతుండగా బూటు గాడిలో పెడల్ కూర్చుంది. గళ్ళలో గళ్ళు దిగాయి. అత్త బూటుని వదిలేసినా అది పడిపోలేదు. అలాగే అంటిపెట్టుకుని నిలబడింది, లోపల కాలు ఉన్నట్టు. ఆ వంపు చోట తిరిగి రంగు వెయ్యలేదు. నూనె రాసి వదిలేసింది.

మర్నాడు ఆసుపత్రి ముందు పచ్చిక తడితో మెరుస్తోంది. ఒకవైపు అధికారి, కంపెనీ మనిషి, మేస్త్రీ. గేటు దగ్గర మేం ముగ్గురం. తాత బండిని మలుపులు తిప్పుతుంటే, వెనక కోసిన గడ్డి చారలు ఒకదానికొకటి ఆనుకుని, చాప పరిచినట్టు పరుచుకున్నాయి. పూలమడి అంచుదాకా వెళ్ళి, ఒక్క రేకు రాలకుండా వెనక్కి తిరిగేవాడు. ఎడమకాలు ఎక్కడుందో ఆయన ఒక్కసారీ చూసుకోలేదు. అది తనంతట తానే వెళ్ళి దాని చోట వాలేది. కిటికీల దగ్గర రోగులు లేచి కూర్చుని చూస్తున్నారు. చివరికి తిన్నగా వచ్చి, అధికారి బూట్లకి కాస్త ఎడంగా, గ్లాసులో నీళ్ళు తొణకనంత మెత్తగా ఆపాడు.

దిగి నమస్కారం పెట్టమని మేస్త్రీ సైగ చేశాడు. తాత దిగలేదు. సీటు మీదినుంచే చెయ్యెత్తి పెట్టాడు. అధికారి పచ్చికను కాసేపు చూసి, ఇది ఇలాగే ఉండనివ్వమని మేస్త్రీతో చెప్పి, కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని లోపలికి పోయాడు. తాత కుంటివాడని ఆయనకి ఆ రోజు తెలియలేదు.

అత్త అధికారిని చూడలేదు. ఇంజను చప్పుడూ విన్నట్టు లేదు. పొద్దుటినుంచీ ఆ ఎడమకాలినే చూస్తోంది.

తర్వాతి వారం ఒక మొక్కల తోట యజమానురాలు తన బండి తెచ్చింది. గేరు కర్ర పిడి ఒకవైపు అరిగి, నున్నగా పల్లం పడి ఉంది. నేను తిట్లు మొదలవుతాయని చూస్తున్నాను. అత్త పానా పక్కన పెట్టింది. ఆ పల్లంలో బొటనవేలు పెట్టి చూసుకుంది. తన వేలికి సరిపోలేదు. "ముందు మీరెక్కి కూర్చోండమ్మా" అంది.